ఖైసూమా వజ్రం వజ్రం కాదు, వబార్ ముత్యం ముత్యం కాదు

1932 మొదట్లో రుబ్ అల్ ఖాలీ ఎడారిలో ఒంటెల మీద సాగుతున్న బృందం ఒకచోట ఆగింది. అందులోని బదూలు, అంటే ఎడారి సంచారులు, నల్లగా నిగనిగలాడే చిన్న చిన్న గుండ్లు కనబడితే ఆత్రంగా ఏరుకున్నారు. దేవుడి ఆగ్రహానికి కాలిపోయిన ఆద్ తెగ రాజు అంతఃపుర స్త్రీల ముత్యాలు ఇవేనని, మంటకు నల్లబడ్డాయని వాళ్ల నమ్మకం. బృందానికి పెద్ద హ్యారీ సెయింట్ జాన్ ఫిల్బీ. సౌదీ రాజు అబ్దుల్ అజీజ్‌కు సలహాదారుగా ఉన్న ఆంగ్లేయుడు. ఇసుక కింద కూరుకుపోయిందని కథలుగా చెప్పుకునే వబార్ నగరం కోసం బయల్దేరాడు. తీరా వెళ్లి చూస్తే గోడలూ లేవు, గుమ్మాలూ లేవు. సగం పూడిన గుంటలు, వాటి అంచుల్లో కాలి కరిగిన రాయి. ఇదేదో అగ్నిపర్వతం అనుకున్నాడు ఫిల్బీ.

ఆయన చేసిన మంచిపని ఒకటుంది. తాను అనుకున్నదాన్ని అక్కడితో ఖాయం చేసుకోకుండా, దొరికిన ఇనుప ముక్కనూ నల్ల గాజునూ లండన్‌కు చేర్చాడు. బ్రిటిష్ మ్యూజియంలో ఖనిజ విభాగం చూసే లియొనార్డ్ స్పెన్సర్ వాటిని పరీక్షించి, ఇనుములో నికెల్ ఉంది, ఇది ఉల్క అని తేల్చాడు. గుంటలు ఉల్క పడ్డ దెబ్బకు ఏర్పడ్డవి. ముత్యాలు ఆ వేడికి కరిగి, గాల్లోకి చిమ్మి, చల్లారి కిందపడిన ఎడారి ఇసుక.

వబార్‌లో పెద్ద గుంట వ్యాసం 116 మీటర్లు, రెండోది 64 మీటర్లు. 11 మీటర్ల మూడోదాన్ని 1990ల మధ్యలో జెఫ్ విన్, యూజీన్ షూమేకర్ వెళ్లిన యాత్రల్లో గుర్తించారు. ఇసుక రోజూ నడుస్తుంటుంది కాబట్టి, ఒకరు చూసిన లోతు తర్వాత వచ్చినవాళ్లకు కనబడదు. ఉల్క ఎప్పుడు పడిందన్న ప్రశ్నకు జవాబు కూడా మారుతూ వచ్చింది. వేల ఏళ్ల కిందటిదన్నారు మొదట. వేడికి కాలిన ఇసుక రేణువుల్లో దాగిన కాంతిని కొలిచి 2004లో ప్రకటించిన లెక్క ప్రకారం సుమారు 290 ఏళ్లే. అంటే మన దగ్గర మొగలు పాలన చివరి రోజుల్లో అక్కడ ఆకాశం నుంచి ఇనుము పడిందన్నమాట.

ఫిల్బీకి బదూలు ఇంకో మాట చెప్పారు. ఒంటె మూపురమంత ఇనుప ముద్ద ఆ ఇసుకలో ఉందని. ఎంత వెతికినా ఆయనకు దొరికింది కుందేలంత ముక్క. కథల్లో అతిశయోక్తి మామూలేలే అనుకుని ఉంటారు చదివినవాళ్లు. 1960ల మధ్యలో గాలి ఇసుకను పక్కకు తోశాక ఆ ముద్ద నిజంగానే బయటపడింది. రెండు టన్నులకు పైగా బరువు. చాలాకాలం కింగ్ సౌద్ విశ్వవిద్యాలయంలో ఉండి, ఆ తర్వాత రియాద్ జాతీయ మ్యూజియానికి చేరింది. రియాద్‌లో ఉండే తెలుగువాళ్లు వారాంతం పిల్లల్ని తీసుకెళ్లి చూపించవచ్చు. బదూల కథలో ముత్యాలు తప్పాయి, మూపురం తప్పలేదు.

ఉల్క దొరికిందా? ముందు కప్పు బోర్లించండి

ఎడారిలో సరదాగా రాళ్లు ఏరేవాళ్లకు నల్లగా, బరువుగా ఏది కనబడినా ఉల్కే. ప్రపంచమంతా ఇదే తీరు. మ్యూజియాలకు ఉల్కలంటూ వచ్చే రాళ్లలో నూటికి తొంభైతొమ్మిది భూమి మీదివేనని ఆ పని చేసేవాళ్లు చెబుతుంటారు. సౌదీలో ఇలా మోసం చేసే రాళ్లకు కొదవ లేదు. పడమర దిక్కున హర్రత్ అని పిలిచే లావా మైదానాలు విస్తారంగా ఉన్నాయి. అక్కడి బసాల్టు ముక్కలు నల్లగా, కాస్త అయస్కాంతానికి లాగుతూ ఉంటాయి. పాత గనుల దగ్గర లోహం కరిగించి పారబోసిన చిట్టెం కుప్పలు ఉంటాయి. ఇవన్నీ చాలనట్టు ఏళ్ల తరబడి ఎండలో పడి ఉన్న రాళ్ల మీద ఎడారి తానే నల్లటి మెరుగు పూస్తుంది.

అందుకని ఇంట్లోనే చేసుకోదగ్గ పరీక్ష ఒకటి. కాఫీ కప్పును బోర్లిస్తే అడుగున మెరుగు లేని గరుకు అంచు ఉంటుంది చూడండి, దానిమీద రాయిని గట్టిగా గీయాలి. ఇటుక రంగు గీత పడితే అది హెమటైట్. నల్ల గీతయితే మాగ్నెటైట్. రెండూ ఇనుప ఖనిజాలు, రెండూ భూమివే. తాజా ఉల్క దాదాపు గీతే వేయదు. స్నానాలగదికి తెచ్చి మిగిలిన టైలు వెనకవైపు కూడా ఈ పనికి బాగుంటుంది.

రాతిలో బుడగల రంధ్రాలుంటే ఆశ వదులుకోవచ్చు. లావాలోనూ చిట్టెంలోనూ వాయువు చిక్కుకుని బుడగలు కడుతుంది, ఉల్కల్లో అవి అత్యంత అరుదు. మెత్తటి మట్టిని బొటనవేలితో నొక్కినట్టు పైన పల్లాలుండటం, పైపొర పలచగా కాలి ఉండటం, ఒక మూల కాస్త అరగదీస్తే లోపల వెండి మెరుపు చుక్కలు కనబడటం మంచి లక్షణాలు. ఇక్కడ చాలామందికి తెలియని ముచ్చట ఒకటుంది. రాయి దొరకగానే జేబులోంచి బలమైన అయస్కాంతం తీసి అంటించడం ఏరేవాళ్లందరికీ అలవాటు. అలా చేస్తే ఆ రాయి కోట్ల ఏళ్లుగా దాచుకున్న అయస్కాంత జ్ఞాపకం తుడిచిపెట్టుకుపోతుంది. సహారాలో దొరికిన ఒక ప్రసిద్ధ అంగారక ఉల్కకు చేతులు మారే దారిలో ఈ నష్టమే జరిగిందని 2023లో పరిశోధకులు వివరించారు. దిక్సూచి దగ్గరకు తెచ్చి ముల్లు కదులుతుందో లేదో చూస్తే సరిపోతుంది.

రాతికి ఎండ పూసిన రంగు

హాయిల్ ప్రాంతంలోని జుబ్బా, షువైమిస్ కొండల మీద వేల ఏళ్ల కిందటి మనుషులు చెక్కిన బొమ్మలున్నాయి. 2015లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కాయి. అంత స్పష్టంగా కనబడటానికి కారణం ఇందాక చెప్పుకున్న నల్ల మెరుగే. గాలిలో వచ్చే దుమ్ము, మాంగనీసు, ఇనుము ఆక్సైడ్లు కలిసి ఇసుకరాతి మీద కాగితం కంటే పలచని పొరగా పేరుకుంటాయి. దాన్ని గీకితే లోపలి లేత రంగు బయటపడుతుంది. గీకిన చోట మళ్లీ పొర పేరుకోవడానికి వేల ఏళ్లు పడుతుంది కాబట్టి, ఒకే బండ మీద రెండు బొమ్మల్లో ఏది నల్లగా ఉంటే అది పాతది. ఇలాంటి పొర పట్టిన గులకరాయిని ఒకచోట పగలగొట్టి చూస్తే లోపల తెల్లని పలుగురాయి ఉన్నా ఉంటుంది.

ఖైసూమా వజ్రాలు

సౌదీ నుంచి సెలవుకు వచ్చేవాళ్ల పెట్టెల్లో ఖర్జూరాలు, అత్తరు సీసాలతో పాటు అప్పుడప్పుడు ఒక ఉంగరం కూడా ఉంటుంది. సౌదీ డైమండ్ అంటారు. ఊరు ఖైసూమా, హఫర్ అల్ బాతిన్‌కు దగ్గర. తూర్పు నూనె క్షేత్రాల నుంచి లెబనాన్‌లోని సైదా రేవు దాకా వేసిన టాప్‌లైన్ గొట్టం 1950లో పూర్తయినప్పుడు దారిలో పంపింగ్ స్టేషన్లు వెలిశాయి. వాటిలో ఒకటి ఇక్కడ. చుట్టూ కనుచూపు మేర గులకరాళ్ల మైదానం. ఆ గులకల్లో గాజులా స్వచ్ఛమైనవి ఏరి, సాన పట్టిస్తే మెరుస్తాయి. అవి పలుగురాయి. క్వార్ట్జ్. అంతకు మించి ఏమీ కాదు. అలాగని చిన్నచూపు చూడాల్సిన పని లేదు. సాన పట్టిన మంచి పలుగు చూడముచ్చటగా ఉంటుంది.

నన్ను అడిగితే ఆ రాయి కన్నా అది అక్కడికి చేరిన దారి గొప్పది. ఖైసూమా చుట్టుపక్కల పలుగు పుట్టే కొండలు లేవు. ఆ గులకలు పడమటి దిక్కు పాత శిలల కొండల్లోంచి వందల కిలోమీటర్లు కొట్టుకొచ్చాయి. వానలు పుష్కలంగా కురిసిన కాలంలో మదీనా వైపు నుంచి ఒక మహానది పారి, గల్ఫ్ వైపు ఈ మైదానాన్ని పరిచింది. ఎగువ భాగం ఇప్పటి వాదీ అల్ రుమ్మా, దిగువ భాగం వాదీ అల్ బాతిన్. రెండింటి నడుమ దహ్నా ఇసుక తిన్నెలు అడ్డం పడి నదిని రెండు ముక్కలు చేశాయి. ఉంగరంలో మెరిసేది ఆ నది నునుపు చేసిన రాయి.

మరి వజ్రం కాదని తేల్చేదెలా? అద్దం మీద గీసి చూడటం అందరికీ తెలిసిన ఉపాయం, పనికిరాని ఉపాయం. అద్దం కాఠిన్యం ఐదున్నర చుట్టూ ఉంటుంది, పలుగుది 7, వజ్రానిది 10. పలుగైనా వజ్రమైనా అద్దాన్ని గీస్తుంది. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు చేలల్లో వజ్రాల కోసం వంగి నడిచేవాళ్లను అడగండి, మెరిసిన ప్రతి రాయినీ చూసి ఎగిరి గంతేయరు. ఆకారం చూస్తారు. వజ్రం సహజంగా ఎనిమిది ముఖాల స్ఫటికం, పలుగు ఆరు పలకల కడ్డీ. ఖైసూమాలో ఆ వీలు లేదు, నది మూలలన్నీ అరగదీసేసింది.

అప్పుడు తూకమే దిక్కు. బంగారు కొట్లో వాడే చిన్న డిజిటల్ కాటా కావాలి. రాయిని మామూలుగా తూస్తే 10.6 గ్రాములు వచ్చిందనుకోండి. ఇప్పుడు నీళ్ల గ్లాసును కాటా మీద పెట్టి సున్నాకు తెచ్చి, రాయిని సన్నటి దారానికి కట్టి, గ్లాసు అడుగుకూ గోడకూ తగలకుండా పూర్తిగా ముంచి పట్టుకోవాలి. కాటా 4 గ్రాములు చూపిస్తే, 10.6ను 4తో భాగించండి. 2.65. అది పలుగు సాంద్రత. అదే బరువు వజ్రమైతే కాటా 3 గ్రాములు చూపించేది, ఎందుకంటే వజ్రానిది 3.52. దారం పట్టుకున్న చెయ్యి వణికితే అంకె కదులుతుంది, అందుకని దారాన్ని ఏదైనా కర్రకు కట్టడం మేలు. ఒక చిక్కు మాత్రం మిగిలే ఉంటుంది. రంగులేని పుష్యరాగం సాంద్రత కూడా మూడున్నర చుట్టుపక్కలే. 3.5 వచ్చిందని సంబరపడి అప్పులు తీర్చే లెక్కలు వేసుకోకుండా రత్నపరీక్షకుల దగ్గరకు వెళ్లాలి.

గులాబీకి గోరు తగిలితే

గల్ఫ్ తీరం వెంట ఉప్పు పర్రల్లాంటి నేలలున్నాయి. సబ్ఖాలు. నేలకింది ఉప్పునీరు ఎండకు పైకి పీల్చుకుని ఆవిరైపోతుంటే, అందులో కరిగి ఉన్న జిప్సం ఇసుకలోనే రేకులు రేకులుగా స్ఫటికం కడుతుంది. ఇసుక రేణువులను కూడా తనలో కలుపుకుంటుంది కాబట్టి రంగు అక్కడి ఇసుకదే. ఇవే ఎడారి గులాబీలు. ధహ్రాన్ చమురు కాలనీల్లో తరతరాలుగా కుటుంబాలు సెలవురోజున వెళ్లి తవ్వి తెచ్చుకునేవి. ఖతర్ జాతీయ మ్యూజియాన్ని జాన్ నువెల్ ఈ ఆకారంలోనే కట్టాడు, 2019లో తెరిచారు.

జిప్సం అయితే గోరుతో గీరితే గీత పడుతుంది. గోరుకు లొంగని, చేతిలో పెట్టుకుంటే అనుమానం పుట్టించేంత బరువున్న గులాబీ కనబడితే అది బెరైట్ కావచ్చు. అమెరికాలోని ఒక్లహామాలో ఎర్రమట్టి నేలల్లో దొరికే గులాబీలు ఆ రకం. 1968లో దాన్ని తమ రాష్ట్ర శిలగా ప్రకటించుకున్నారు. జిప్సం సాంద్రత 2.3, బెరైట్‌ది 4.5. ఇందాకటి గ్లాసు, దారం పరీక్ష ఇక్కడ అర నిమిషంలో తేల్చేస్తుంది. (జిప్సం నీళ్లలో కొద్దికొద్దిగా కరుగుతుంది. రాత్రంతా నానబెట్టకండి. మెత్తటి కుంచెతో దులిపితే చాలు.)

బెరైట్ అంటే మనకు కొత్తేమీ కాదు, మంగంపేట ముగ్గురాయే. ఉమ్మడి కడప జిల్లా ఓబులవారిపల్లె మండలంలోని ఆ గని ప్రపంచంలోని అతి పెద్ద బెరైట్ నిక్షేపాల్లో ఒకటి. చమురు బావి తవ్వేటప్పుడు కింది నుంచి నూనె, వాయువు ఒత్తిడితో ఎగదన్నకుండా బావిలోకి బరువైన బురద పంపుతారు. ఆ బురదకు బరువిచ్చేది ఈ రాతిపొడే. మంగంపేట పొడికి గల్ఫ్ చమురు దేశాలు పాత ఖాతాదారులు. అంటే సౌదీలో చమురు బావి దగ్గర బెరైట్ పొడి బస్తా కనబడితే, అది ఎడారి గులాబీ తాలూకు చుట్టం కన్నా కడప చుట్టం అయ్యే అవకాశమే ఎక్కువ.

కొండమీద సొరచేప పళ్లు

ధహ్రాన్ దగ్గర జబల్ మిద్రా అనే చిన్న గుట్ట ఉంది. అక్కడి పలచని షేల్ పొరలో సొరచేప పళ్లు దొరుకుతాయి. సుమారు 5 కోట్ల ఏళ్ల కిందటి ఇయోసీన్ కాలంలో అదంతా సముద్రం. పన్ను మెరుపు ఇప్పటికీ పోలేదు. అదే పొరల వరసలో పైన ఉన్న సున్నపురాతిలో నాణేల్లాంటి గుండ్రని శిలాజాలుంటాయి, వాటి పేరు నుమ్యులైట్లు. ఈజిప్టు పిరమిడ్ల రాతిలోనూ ఇవే ఉన్నాయి. అక్కడ రాలిపడ్డ వాటిని చూపించి, పిరమిడ్లు కట్టిన కూలీలు తినగా మిగిలిన పప్పు రాయైపోయిందని స్థానికులు చెప్పేవారని గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో రాశాడు.

ఈ గుట్టలు ఏరుకునేవాళ్లకు సరదా, అమెరికన్ భూగర్భవేత్తలకు వేరే సంగతి. 1930లలో వాళ్లు ఇక్కడి పొరల వంపు చూసి కింద చమురు ఉంటుందని పట్టుబట్టారు. ఆరు బావులు నిరాశపరిచాక 1938 మార్చిలో దమ్మామ్ 7వ నంబరు బావి పొంగింది.

పసుపు మెరుపు, పచ్చ మెరుపు

మహ్ద్ అద్ దహబ్ మదీనాకు ఆగ్నేయంగా ఉన్న ప్రాచీన బంగారు గని. సొలొమోను రాజుకు బంగారం ఇక్కడి నుంచే వెళ్లిందని ఒక వాదం కూడా ఉంది. పాతవాళ్లు వదిలేసిన రాతిపొడిలోంచే మళ్లీ బంగారం తీయవచ్చని అమెరికన్ ఇంజినీరు కార్ల్ ట్విచెల్ చూశాక, 1939 నుంచి 1954 దాకా ఒక కంపెనీ ఇక్కడ పని చేసింది. 1988లో గని మళ్లీ తెరుచుకుంది. ఇలాంటి చోట్ల దొరికే రాళ్లలో మెరిసేది చాలాసార్లు పైరైట్. కప్పు అంచు మీద బంగారం పసుపు గీత వేస్తుంది, పైరైట్ ఆకుపచ్చ కలిసిన నల్ల గీత వేస్తుంది. సుత్తితో కొడితే బంగారం సాగుతుంది, పైరైట్ పొడి అయిపోతుంది. అభ్రకం రేకైతే గోటికే విడిపోతుంది, మనవాళ్లు కాకిబంగారం అనేది దీన్నే.

లావా నేలల్లో ఆకుపచ్చ రేణువులు దొరికితే మాత్రం కొంచెం ఆగి చూడండి. తాయిఫ్‌కు ఈశాన్యంగా హర్రత్ కిష్బ్‌లో, భూమి లోపలి మాంటిల్ ముక్కలను లావా పైకి మోసుకొచ్చింది. ఆ ముక్కల్లో ఆలివీన్ ఉంటుంది. దాంట్లో స్వచ్ఛమైనదే పెరిడాట్ రత్నం. అల్ వహ్బా గుంట కూడా అక్కడే. రెండు కిలోమీటర్ల వెడల్పు, సుమారు 250 మీటర్ల లోతు. ఉల్క పడి ఏర్పడిందని చాలామంది అనుకున్నారు. నిజానికి పైకొస్తున్న లావా నేలకింది నీటిని తాకి పేలిన చోటు అది. వబార్‌లో ఉల్కను అగ్నిపర్వతమనుకున్నారు, ఇక్కడ అగ్నిపర్వతాన్ని ఉల్క అనుకున్నారు.

ఇసుకలో గొట్టాలు

తిన్నెల్లో వేలెడంత రాతి గొట్టాలు కనబడితే పిడుగు పడి ఇసుక కరిగిందంటూ ఫొటోలు పెడుతుంటారు. పిడుగు గొట్టాలు ఉన్నమాట నిజమే. వాటి లోపలి గోడ గాజులా నున్నగా ఉంటుంది, వెనిగర్ పోస్తే ఏమీ కాదు. వెనిగర్ చుక్కకు బుసబుస నురగ వస్తే అది చెట్టు వేరు చుట్టూ సున్నం పేరుకుని, వేరు కుళ్లిపోయాక మిగిలిన గుల్ల. ఎడారి ఒకప్పుడు పచ్చగా ఉండేదనడానికి సాక్ష్యంగా నాకైతే అదే ఎక్కువ విలువైనది.

రాతితో పాటు ఊరి పేరు

ఎక్కడ దొరికిందో తెలియని రాయిని గుర్తుపట్టడం అన్నీ తెలిసినవాళ్లకు కూడా కష్టం. తీసిన చోటే ఫోన్లో అక్షాంశ రేఖాంశాలతో ఫొటో, పక్కన కొలతకు ఒక నాణెం, కాగితం ముక్క మీద తేదీ. ఇంతవరకు చేసినవాళ్లు జిద్దాలోని సౌదీ జియాలాజికల్ సర్వే వాళ్లను అడిగితే ఏదైనా తేలుతుంది. 1999లో ఏర్పడిన ఈ సంస్థే దేశంలో రాళ్ల సంగతి చూసే ప్రభుత్వ శాఖ. సంచిలో పోసి కలిపేసిన పాతిక రాళ్లలో ఏది తబూక్‌ది, ఏది ఖోబర్‌దో ఎవరూ చెప్పలేరు.

ఒక్క రకం రాయిని మాత్రం అసలు కదపకూడదు. ఎండిపోయిన సరస్సుల ఒడ్డున, నఫూద్ ఎడారి అంచుల్లో దొరికే చెకుముకి రాళ్లలో కొన్ని మనుషులు చెక్కిన పనిముట్లు. ఒకవైపు దెబ్బ తగిలిన చోట చిన్న ఉబ్బు, అక్కడి నుంచి అలలు అలలుగా వ్యాపించిన గీతలు, అంచు వెంట వరసగా చిన్న చెక్కుళ్లు. ఒంటెల కాళ్లకింద నలిగిన రాయికి కూడా అంచులు చెక్కుకుపోతాయి కానీ, ఆ చెక్కుళ్లు ఇష్టమొచ్చినట్టు ఉంటాయి. పనిముట్టు అయితే అది ప్రభుత్వ ఆస్తి, జేబులో వేసుకోవడం చట్టరీత్యా నేరం, విమానాశ్రయం దాకా తీసుకెళ్తే ఇబ్బంది ఇంకా పెద్దది. ఫొటో తీసి, చోటు గుర్తుపెట్టుకుని, సౌదీ హెరిటేజ్ కమిషన్‌కు తెలపాలి. ఏ మట్టి పొరలో, ఏ ఎముక పక్కన ఉందన్నదాన్ని బట్టే దాని వయసు కడతారు, చేత్తో ఎత్తగానే ఆ లెక్కకు ఆధారం పోతుంది.